కత్తెరాయన కుర్చీ వేలం

ఆ ఆదివారానికి కత్తెరాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి షాపు తెరవాలి. పదిన్నర లోపు బెంచీ మీద కూర్చున్నవాళ్లందరి గడ్డాలూ జుట్లూ తెమిల్చేయాలి. పదకొండింటికి సరిగ్గా పది సెకన్ల ముందు ఫోన్ తీసి ఒక్క నొక్కు నొక్కాలి. పదకొండు దాటగానే ఇనప కుర్చీ ఆయనదైపోవాలి. తరవాత ఇంటికెళ్లి భోంచేసి పడుకోవాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో ఎంత వెతికినా ఆయనకి కనబడలేదు.

ఇరవై రెండేళ్లుగా ఆ వీధిలో ఆయనది ఒకటే సెలూన్, ఒకటే కుర్చీ, ఒకటే బెంచీ. వచ్చిన చిక్కల్లా ఆ కుర్చీతోనే. కాలితో తొక్కితే పైకి లేచే పాతకాలపు ఇనప కుర్చీ అది. లేవడం ఇప్పటికీ లేస్తుంది. కానీ గడ్డానికి నురగ రాసేసరికి బెత్తెడు దిగుతుంది, మీసం దగ్గరికొచ్చేసరికి ఇంకో బెత్తెడు. చెవుల పక్క వెంట్రుకలు సర్దే వేళకి కత్తెరాయన మోకాళ్ల మీద ఉంటాడు. మెకానిక్ వచ్చి, కుర్చీని లేపే పంపు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడిందని చెప్పి, ఆ మాట చెప్పినందుకు డబ్బులు పుచ్చుకుని వెళ్లాడు.

అది చాలదన్నట్టు రెండు నెలల క్రితం ఎదురుగా అద్దాల తలుపుల సెలూన్ ఒకటి వెలిసింది. లోపల చల్లగాలి, బటన్ నొక్కితే లేచే అయిదు కుర్చీలు, టోకెన్ ఇచ్చే అమ్మాయి. కత్తెరాయన మనుషులు ఇంకా అటు వెళ్లలేదు. కానీ బెంచీ మీద కూర్చున్నంతసేపూ అటే చూస్తున్నారు. ఆ చూపులు చూసినప్పుడల్లా ఆయన గుండె కుర్చీకంటే కిందికి దిగుతోంది. నెలాఖరుకల్లా మంచి కుర్చీ పడకపోతే షాపు మూసుకోవాల్సిందేనని ఆయనకి గట్టిగా తెలుసు.

అలాంటి సమయంలో కూతురు ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా, ఇది చూడు. అచ్చం మన కుర్చీయే! ఎవరో షాపు ఎత్తేస్తూ ఆన్‌లైన్ వేలంలో పెట్టారు. నాలుగు వేల నించి పాట."

"నాలుగు వేలకి ఇచ్చేస్తారా?"

"ఇవ్వరు నాన్నా, అక్కణ్ణించి మొదలు. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకి. ఆదివారం పదకొండింటికి అయిపోతుంది."

వంటింట్లోంచి భార్య గరిటెతో సహా వచ్చింది. "తొమ్మిది వేలు. అంతే. అది దాటితే పిల్ల కంప్యూటర్ కోసం దాచిన డబ్బుల్లో చెయ్యి పెట్టాలి. అలా పెట్టారో, మీరిక ఆ కుర్చీలోనే పడుకోండి."

కూతురు ఆయనకి సైటులో ఖాతా తెరిచి 'పొద్దుతిరుగుడు' అని పేరు పెట్టింది. తన పేరే పెట్టొచ్చుగా అని ఆయన సణిగాడు. "మనమని తెలిస్తే అందరూ పోటీకొస్తారు నాన్నా. గుట్టుగా ఉండాలి" అంది కూతురు. గుట్టుగా ఉండమని చెప్పాల్సిన మనిషికి ఆ పిల్ల చెప్పింది గానీ, ఉండగలిగే మనిషికి చెప్పలేదు.

ఎందుకంటే కత్తెరాయనది ఒక విచిత్రమైన అవస్థ. చేతిలో కత్తెర ఆడుతున్నంతసేపూ నోరు ఆడాలి. నోరు ఆగితే కత్తెర కూడా ఆగిపోతుంది. వేలంలో ఎలా గెలవాలో రెండు రాత్రులు ఫోన్‌లో చూసి నేర్చుకున్నాడు. ఆ విద్యంతా కడుపులో పెట్టుకుని ఉదయం షాపు తెరిచేసరికి మొదట కూర్చున్నది లెక్కల మాస్టారు.

"మాస్టారూ, ఇది మీకు తప్ప మూడో కంటికి తెలీదు. అందరూ అయిదు వేలు, ఆరు వేలు అని గుండ్రంగా పాడతారండీ. మనం అయిదు వేల నూట ముప్ఫై ఏడు అని వంకరగా పాడాలి. వాడు నూటికి ఆగుతాడు, మనం ముప్ఫై ఏడుతో కొడతాం."

"బాగుందయ్యా. ఎంతదాకా వెళ్తావు?"

"తొమ్మిది వేలు. ఆ తరవాత నా ప్రాణం పోయినట్టే."

మాస్టారు కళ్లు మూసుకుని తలాడించారు. కత్తెర ఆయన చెవి పక్కనే ఉంది గనక ఆ తలాడింపు చాలా స్వల్పంగా జరిగింది.

తరవాత మందుల షాపాయన కూర్చున్నాడు. ఆయనకి రెండో కిటుకు చెప్పాడు. సరుకు కింద ప్రశ్నలు అడిగే చోటు ఉంటుంది, అక్కడ తుప్పుందా, నూనె కారుతోందా అని అడిగితే మిగతావాళ్లు బెదిరి పారిపోతారు. సాయంత్రం తోడల్లుడు వస్తే మూడోది చెప్పాడు. చివరి పది సెకన్లదాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు మీద పడాలి. బ్యాంకు క్యాషియర్‌కీ, లారీ డ్రైవర్‌కీ, పోస్ట్‌మాన్‌కీ, ఫొటో స్టూడియో ఆయనకీ తలో కిటుకూ పంచిపెట్టాడు. ప్రతివాడితోనూ "నీకు తప్ప" అన్నాడు. అన్నప్పుడల్లా నిజంగానే అనుకున్నాడు కూడా. ఎంతదాకా వెళ్తావంటే మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో అంకె చెప్పాడు. పరువు చూసుకోవాలి కదా. తోడల్లుడి దగ్గరైతే "ఎంతైనా సరే, వెనక్కి తగ్గేది లేదు" అనేశాడు.

బుధవారం ఉదయం ఫోన్ తెరిచాడు. ఆయన అడగాలనుకున్న ప్రశ్న అప్పటికే ఎవరో అడిగేశారు. 'ఈ కుర్చీకి కింద తుప్పు ఎంత ఉంది?' దానికి అమ్మకందారు చాలా నొచ్చుకున్నట్టున్నాడు. కుర్చీని తోమి, తుడిచి, కిందనించీ మీదనించీ పన్నెండు ఫొటోలు పెట్టాడు. తుప్పు మచ్చుకైనా లేదు. ఫొటోలు పడ్డ గంటలో పాట అయిదు వేల నూట ముప్ఫై ఏడుకి చేరింది.

"ఎవడమ్మా ఈ వెధవ!" అన్నాడు కత్తెరాయన. "అడగడం చేతకానివాడు అడగడమెందుకు?"

తన తడాఖా చూపిద్దామని 'పంపులోంచి నూనె కారుతోందటగా?' అని తనే అడిగాడు. అమ్మకందారు ఆ సాయంత్రమే పంపు విప్పించి, కొత్త వాషర్లు వేయించి, కుర్చీ ఎక్కి కూర్చుని గంటసేపు కదలకుండా ఉన్న వీడియో పెట్టాడు. అంత నిలకడగల కుర్చీని కత్తెరాయన జన్మలో చూడలేదు. చూస్తూ చూస్తూ ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి. పాట ఏడు వేల తొమ్మిది వందల పదకొండు.

"నాన్నా, ఇప్పటికే ఏడుగురు పాడుతున్నారు. మనం కూడా దిగితే ఎనిమిది మంది" అంది కూతురు.

పులిపంజా, చల్లనిగాలి, ఒంటరి బాటసారి, ఇంకా ఇలాంటివే, మొత్తం ఏడు పేర్లు. వాళ్లు పాడే తీరు చూస్తుంటే కత్తెరాయనకి ఒళ్లు మండిపోయింది. ఒకడు వంకర అంకెలు పాడతాడు. ఒకడు అర్ధరూపాయికి పనికిరాని ప్రశ్నలు అడుగుతాడు. ఒకడు గుమ్మం దగ్గర పిల్లిలా పొంచి ఉంటాడు. ఏ ఎత్తు వేద్దామన్నా ముందే ఎవడో వేసేసి ఉంటాడు. "నా బుర్ర తెరిచి చూసినట్టే ఆడుతున్నారే!" అని తల పట్టుకున్నాడు. రాత్రి అన్నం సయించలేదు. భార్య అడిగితే, లోకంలో మంచితనం పూర్తిగా చచ్చిపోయిందని మాత్రం చెప్పాడు.

ఆదివారం వచ్చింది. మామూలుగా అయితే తొమ్మిదికల్లా బెంచీ నిండి గుమ్మం దగ్గర ఇద్దరు నిలబడి ఉండాలి. ఆ రోజు తొమ్మిదైంది, పదైంది, పిట్ట కూడా రాలేదు. ముందు ఆయన సంతోషించాడు. వేలం రోజున ఇంత తీరిక దొరకడం అదృష్టమే కదా. తరవాత ఎదురుగా అద్దాల తలుపులవైపు చూశాడు. అందరూ అటే వెళ్లిపోయారన్న మాట. ఇక ఆ కుర్చీ దక్కకపోతే తను బతికేదేముంది అనుకున్నాడు. ఆ అనుకోవడంలో ఎక్కడా నటన లేదు.

పదకొండుకి పది నిమిషాలుందనగా ఎవరో కొత్తమనిషి వచ్చి కూర్చున్నాడు. బస్సు దిగి దారిన పోతున్నవాడిలా ఉన్నాడు. గడ్డం గీయమన్నాడు. కత్తెరాయన కాదనలేకపోయాడు, పొద్దుటినించీ అదే మొదటి బేరం. ఫోన్‌ని అద్దానికి ఆనించి, నురగ రాసి, ఒక చెంప గీసేసరికి టైము రానే వచ్చింది. తొమ్మిది వేలు ముందే టైపు చేసి ఉంచాడు. పది సెకన్లు ఉందనగా బొటనవేలితో నొక్కాడు.

ఫోన్ ఉలకలేదు, పలకలేదు. చేతినిండా సబ్బు. ప్యాంటుకి తుడిచి నొక్కాడు. ప్యాంటుకీ సబ్బే.

"బాబూ, మీ వేలు ఒక్కసారి ఇటివ్వండి!"

సగం గడ్డంతో ఉన్న కొత్తమనిషి, చేతిలో కత్తి ఉన్నవాడు అడిగితే వేలేమిటి ఏదైనా ఇస్తాడు. చటుక్కున నొక్కాడు. తొమ్మిది వేలు పడింది. కత్తెరాయన ఊపిరి పీల్చుకునేలోపు తెర మీద సన్నటి అక్షరాలు వచ్చాయి. చివరి నిమిషంలో పాట పడితే గడువు మరో రెండు నిమిషాలు పెరుగుతుందట.

"ఇదెక్కడి అన్యాయమండీ! పదకొండంటే పదకొండే కదా!"

పులిపంజా తొమ్మిది వేల నాలుగు వందల ముప్ఫై ఏడు పాడాడు. చల్లనిగాలి పది వేలు. కత్తెరాయన చేతులు వేలాడేశాడు. భార్య గీసిన గీత దాటిపోయింది. అక్కడితో ఆగేవాడే. కానీ కుర్చీలో ఉన్న కొత్తమనిషి, ఎవడి సొమ్మోగనక, మహా ఉత్సాహంగా లేచి కూర్చున్నాడు.

"తగ్గుతారేంటండీ? వాళ్లు బెదిరిస్తున్నారు, అంతే. ఇంకో అయిదొందలు వేస్తే చాలు, చస్తారు!"

వేశారు. వాళ్లు చావలేదు. గడువు పెరిగింది. పదకొండు వేలు, పదమూడు, పదిహేను. రెండేసి నిమిషాల చొప్పున కూతురి కంప్యూటర్ కరిగిపోవడం కత్తెరాయనకి కళ్లముందే కనిపిస్తోంది. ఆపుదామంటే ఎదురుగా అద్దాల తలుపులు మెరుస్తున్నాయి. కుర్చీ మెల్లగా దిగుతోంది, కొత్తమనిషి దాంతోపాటే దిగుతూ నొక్కుతూనే ఉన్నాడు, కత్తెరాయన మోకాళ్ల మీద కూర్చుని అంకెలు చెబుతున్నాడు. పదకొండూ ముప్ఫై అయిదుకి, ఇరవై ఒక్క వేల నాలుగు వందల పదమూడు దగ్గర, ప్రపంచం నిశ్శబ్దమైంది. 'అభినందనలు పొద్దుతిరుగుడు' అని వచ్చింది.

"పరువు నిలబెట్టారు!" అన్నాడు కొత్తమనిషి. రెండో చెంప గీయించుకుని, చిల్లర లేదని పది తక్కువిచ్చి వెళ్లిపోయాడు.

పావుగంట గడవకముందే గుమ్మంలో లెక్కల మాస్టారు ప్రత్యక్షమయ్యారు. వెనకే మందుల షాపాయన, ఆ వెనక తోడల్లుడు. ఒకరి తరవాత ఒకరు ఏడుగురూ వచ్చి, చావింటికి వచ్చినట్టు తలలు వంచుకుని బెంచీ మీద కూర్చున్నారు.

"ఏం చెప్పమంటావయ్యా" అన్నారు మాస్టారు. "నీకు తెలీకుండా ఆ కుర్చీ కొని నీ గుమ్మంలో దింపుదామనుకున్నాను. తొమ్మిది వేలు నీవి, ఆ పైన పడేది నేనేసుకుందామనుకున్నాను. పొద్దుటినించీ ఫోన్ ముందే కూర్చున్నాను. ఎవడో పొద్దుతిరుగుడట, వాడి చేతులు పడిపోను, ఎగరేసుకుపోయాడు."

"మీరూ పాడారా మాస్టారూ?" మందుల షాపాయన నోరు తెరిచాడు. "ఆ తుప్పు సంగతి అడిగింది నేనే! వాడు మనిషి కాదండీ, రాక్షసుడు. ఎంత పెంచినా వదలడే!"

"అన్నయ్యా, నాకు దొరకాలి ఆ పొద్దుతిరుగుడు గాడు" అన్నాడు తోడల్లుడు పిడికిలి బిగించి. "నాకు మాత్రమే చెప్పావని ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకుండా పాడాను. గుండు గీసి వీధంతా తిప్పేవాణ్ణి."

మిగతా నలుగురూ తలా ఒక శాపం పెట్టారు. అందరి శాపాలూ అయ్యేదాకా కత్తెరాయన గోడకి ఆనుకుని నిలబడి విన్నాడు.

"ఆ పొద్దుతిరుగుడు నేనేనండీ" అన్నాడు.

మాస్టారికి లెక్క ముందు తట్టింది. ఎనిమిది మంది పాడారు. ఎనిమిది మందీ ఇక్కడే ఉన్నారు. అంటే లోకంలో ఆ కుర్చీ కావాలనుకున్నవాడు బయట ఒక్కడు కూడా లేడు. ఈ ఏడుగురూ ఎవరిళ్లల్లో వాళ్లు నోరుమూసుకుని పడుకుని ఉంటే, నాలుగు వేలకి కుర్చీ నడిచొచ్చేది. ఆయన ఆ మాట పైకి అనేశారు. లెక్కల మాస్టారు కదా, జవాబు వచ్చాక చెప్పకుండా ఉండలేరు.

ఒక్కరికైనా తల ఎత్తే ధైర్యం లేదు. కత్తెరాయనకి కోపం రాలేదు. ఇరవై రెండేళ్లుగా తన చేతికింద మెడలు వంచిన మనుషులు తనకోసం ఇంత పని చేశారా అని ఒక్కొక్కరినే చూశాడు. ఏదైనా అందామనుకున్నాడు. చేతిలో కత్తెర లేకపోవడంతో మాట పెగల్లేదు. ఏడుగురూ చెప్పులేసుకుని, చప్పుడు చేయకుండా వెళ్లిపోయారు.

ఇంట్లో భార్య తిట్టలేదు. డబ్బాలోంచి డబ్బు తీసి బల్లమీద పెట్టి, పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. కూతురు "పోనీలే నాన్నా, వచ్చే ఏడాది కొనుక్కుందాంలే" అంది. ఆ పిల్ల అలా అనకపోతే బాగుండుననిపించింది ఆయనకి.

గురువారం కుర్చీ వచ్చింది. వీడియోలో కంటే బాగుంది. తుడిచి, అద్దం ముందు నిలబెట్టి, కొత్త తువ్వాలు వేసి ఎదురుచూశాడు. శుక్రవారం ఎవరూ రాలేదు. శనివారం లారీ డ్రైవర్ వీధి మలుపులో కనిపించి, ఈయన్ని చూసి వెనక్కి తిరిగిపోయాడు. ఆదివారం పదింటికి బెంచీ ఖాళీ. పదకొండింటికి కత్తెరాయన ఇక ఉండబట్టలేక షాపుకి గొళ్లెం పెట్టి, రోడ్డు దాటి, అద్దాల తలుపు తోశాడు.

లోపల చల్లగా ఉంది. వరసగా సోఫాల్లో ఏడుగురూ ఉన్నారు. ఆయన్ని చూడగానే ఏడు పత్రికలు ఒక్కసారి ముఖాల మీదికి లేచాయి.

"మాస్టారూ," అన్నాడు కత్తెరాయన బతిమాలుతున్నట్టుగా, "నాకు మీమీద కోపం లేదండీ. రండి, షాపుకి వెళ్దాం."

పత్రిక వెనకనించి మాస్టారి గొంతు వినిపించింది. "నీకు లేదయ్యా. నీకు అంత నష్టం చేసి, మళ్లీ నీ అద్దంలో నా మొహం నేనెలా చూసుకోను? కొన్నాళ్లు పోనీ. సిగ్గు కాస్త తగ్గనీ."

"ఎన్నాళ్లండీ?"

కౌంటర్ దగ్గరి అమ్మాయి నవ్వుతూ చీటీ ఒకటి చించి ఆయన చేతిలో పెట్టింది.

"ఎనిమిదో నంబరండీ. మీ ముందు ఏడుగురున్నారు, కూర్చోండి."