తక్కువ వాడండి: వెయ్యి బోర్డుల పండుగ

ఒక పెద్ద అడవిలో క్రిస్మస్ పెద్ద గోలగా జరిగేది. పోయినేడు పండుగయ్యాక తళుకు కాగితాలు పేరుకుపోయి వాగు ఆగిపోయింది. ఒక జింకపిల్ల రిబ్బను మింగి పది రోజులు అల్లాడింది.

ఈసారి అలా కాకూడదని అడవి సంఘం తీర్మానించింది. సందేశాన్ని బొమ్మల్లో చెప్పే పని సీమోను అనే గిజిగాడికి అప్పగించారు. గూళ్ళు అల్లడంలో, బొమ్మలు వేయడంలో అతనిది అందె వేసిన చెయ్యి.

సీమోను రెండు రోజులు కూర్చుని, రాలిన టేకాకు మీద ఎండుగడ్డితో ఒక నక్షత్రం అల్లాడు. కింద "ఉన్నదానితోనే పండుగ" అని రాశాడు.

"దీన్ని నీళ్ళ రేవులో కడదాం. అందరూ అక్కడికి రావాల్సిందే కదా," అన్నాడు.

సంఘం కార్యదర్శి నక్క ఆకును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒక్క ఆకా? ప్రచారమంటే కళ్ళు చెదరాలయ్యా!"

"అంతా బాగానే ఉంది," అన్నాడు అధ్యక్షుడు ఎలుగుబంటి. "నా బొమ్మేదీ?"

బొమ్మ పెట్టారు. నక్షత్రం మూలకు జరిగింది. ఆకు చెక్క బోర్డయింది, ఒకటి కాస్తా వెయ్యయింది. చుట్టూ రిబ్బన్లు, పైన తళుకులు. "తక్కువ వాడండి" అని రాసిన టోపీ ఒకటి, సంచీ ఒకటి ఇంటింటికీ ఉచితం.

సీమోనుకు మనసు చివుక్కుమంది. కానీ తన గీత ఏనుగంత ఎత్తున కనబడేసరికి ఛాతీ ఉబ్బింది. తలూపాడు.

మర్నాడు బోర్డుల కోసం వాగొడ్డున చెట్లు కొట్టడం మొదలైంది. మూడో చెట్టు సీమోనుదే. భార్య రాహేలు పిల్లలను ముక్కున కరుచుకుని పొరుగు గూటికి చేరింది.

సీమోను పరుగున నక్క దగ్గరికి వెళ్ళాడు. "అయ్యా, నా గూడు పోయింది!"

"తక్కువ వాడండని రాయడానికి చెట్టు కావాలా వద్దా? నువ్వే చెప్పు," అంది నక్క ఓపిగ్గా.

పండుగ రోజు టోపీలు ఎగిరాయి, సంచులు చిరిగాయి, గాలికి బోర్డులు వాగులో పడ్డాయి. నీళ్ళు మళ్ళీ ఆగిపోయాయి, ఈసారి పోయినేటికన్నా రెండు రోజుల ముందే.

సమీక్ష సమావేశంలో నక్క లేచింది. "పోయినేడు మన చెత్తకు నోరు లేదు. ఈ ఏడు ప్రతి చెత్త ముక్క మీదా మన సందేశం ఉంది. ఎంత చైతన్యం!"

చప్పట్లు మోగాయి.

"సీమోనూ," అన్నాడు ఎలుగుబంటి, "బోర్డులు మరీ ఎక్కువయ్యాయని ఒకటే గొడవ. బోర్డులు తగ్గించమని ఇంకో వెయ్యి బోర్డులు వెయ్యి."

పొరుగు గూటిలోంచి రాహేలు గుడ్లురిమి చూస్తోంది. సీమోను కుదరదని చెప్పడానికే నోరు తెరిచాడు.

"ఈసారి కింద నీ పేరు కూడా వేస్తాం," అంది నక్క మెల్లగా.

సీమోను రాహేలు వైపు వీపు తిప్పాడు. "ఎంత పెద్ద అక్షరాల్లో?" అన్నాడు.

నీతి: తక్కువ వాడమని చెప్పడానికి ఒక్క అడవి చాలదు, పక్క అడవిని కూడా అడిగి ఉంచుకోవాలి.