నాలుగో వాక్యం

డాన్సు మాస్టారు జీవితంలో మొదటిసారి నెల జీతం అడుగుదామనుకున్న రోజునే ఆయన గొంతు పోయింది.

పది రోజులుగా ఆయన స్నానాలగదిలో నాలుగు వాక్యాలు వల్లెవేస్తున్నాడు. కుళాయి చప్పుడును మించి పలకాలని అరిచి అరిచి, ఆ ఉదయం లేచేసరికి గొంతులోంచి గాలి తప్ప మరేమీ రాలేదు.

"నాతో పోట్లాడేటప్పుడు ఒక్కసారి కూడా పడిపోని నోరు ఇవాళే పడిపోవాలా?" అంటూ భార్య ఉప్పునీళ్ల గ్లాసు చేతికిచ్చింది.

"అల్లుడేం చేస్తాడని అడిగితే గెంతుతాడని చెప్పలేకే చస్తున్నా," అంది అత్తగారు. "ఇకమీదట నోరు మూసుకుని గెంతుతాడని చెప్పుకోవాలి కాబోలు."

భార్య ఆ నాలుగు వాక్యాలనూ కాగితం మీద రాసింది. ఒకటి, పాటకింత అని కాకుండా నెల జీతం కావాలి. రెండు, ప్రదర్శన అయిపోగానే ఇంటికి పంపకుండా ఏడాది పొడవునా పని ఉండాలి. మూడు, సాధన చేసిన రోజులకు కూడా బృందానికి డబ్బివ్వాలి. నాలుగు, చూడవచ్చినవాళ్లకు పంచే ప్రదర్శన పుస్తకంలో మాస్టారి గురువుగారి పేరు వేయాలి.

ఆ గురువుగారు అదే నాట్యశాలలో ముప్పై ఏళ్లు పాటల లెక్కన బతికి, కిందటేడు పోయారు. ఆయన కూర్చునే స్టూలు హాలు మూలలో అలాగే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోరు. దాన్ని ఎవరూ తీయరు.

"మేనేజరు రాగానే ఈ కాగితం చేతిలో పెట్టండి. బెల్లం కొట్టిన రాయిలా నిలబడకండి," అని భార్య దాన్ని ఆయన చొక్కా జేబులో పెట్టింది.

పదకొండింటికి మేనేజరు, నాట్యశాల యజమానురాలిని వెంటబెట్టుకుని వస్తానన్నాడు. ఈమధ్య ఆ మేనేజరు, "ఫోన్లో వీడియోలు చూసి పిల్లలే నేర్చేసుకుంటున్నారు. ఇంక మాస్టారెందుకండీ?" అని కనబడ్డ ప్రతివాడినీ అడుగుతున్నాడు. ఇవాళ అడగకపోతే ఈ ప్రదర్శనతో మాస్టారి పని సరి.

హాల్లో పన్నెండుమంది బృందం వరుసగా నిలబడి ఉంది. వాళ్లందరికీ గురువుగారి మాట వేదవాక్కు: "చెప్పింది వినకండి. చేసింది చేయండి."

మాస్టారు గొంతు పట్టుకుని, మాట రావడంలేదని అరచెయ్యి ఊపాడు. పన్నెండు గొంతులు, పన్నెండు అరచేతులు. కాదు కాదని తల అడ్డంగా తిప్పాడు. పన్నెండు తలలు తిరిగాయి. విసుగొచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకుని నేలమీద చతికిలబడ్డాడు. పన్నెండుమందీ ఒక్కసారే చతికిలబడ్డారు. డ్రమ్ములవాడు దానికో దరువు కూడా పట్టేశాడు.

"మాస్టారూ, నిన్నటిదానికన్నా ఇదే బాగుంది!" అని వెనక వరసలోంచి అరిచింది, పొడుగుకు అందరూ నిచ్చెన అని పిలిచే అమ్మాయి.

ఇక వల్లకాదని ఆయన రెండు చేతులూ జోడించాడు. పన్నెండు జతల చేతులు జోడించుకున్న క్షణంలోనే మేనేజరూ యజమానురాలూ లోపలికి వచ్చారు.

మాస్టారు గబగబా జేబులోంచి కాగితం తీశాడు. గంటసేపటి చెమటకు నాలుగు వాక్యాలూ కలిసిపోయి ఒక్క నీలి మరక అయ్యాయి.

ఒక్క క్షణం ఆయనకు కాళ్లాడలేదు. తర్వాత చేతులాడాయి. ప్యాంటు జేబులు బయటికి లాగి ఖాళీ చూపించాడు. గోడమీది క్యాలెండరును వేలితో చూపి, గాలిలో ఒక్కో నెలా తిప్పాడు. వెనకున్న బృందాన్ని చూపించి పొట్ట తట్టుకున్నాడు. వెనక పన్నెండుమందీ జేబులు లాగారు, నెలలు తిప్పారు, పొట్టలు తట్టుకున్నారు. వద్దు, ఆగండని ఆయన వెనక్కి తిరిగి చేతులెత్తితే, వాళ్లూ గోడవైపు తిరిగి చేతులెత్తారు.

మేనేజరు మొహం పాలిపోయింది. "సమ్మె! అందరినీ కూడగట్టాడండీ ఈయన! పదమూడుమందికీ జీతాలట!"

యజమానురాలు ఆ మాట వినలేదు. ఆమె కళ్లనిండా నీళ్లు, మొహంనిండా నవ్వు.

మాస్టారు చివరికి నాలుగు వేళ్లెత్తి, మూలనున్న స్టూలు చూపించాడు. పన్నెండు చేతులు స్టూలు వైపు చాపుకున్నాయి.

"అయ్యో, నాకోసమా!" అని ఆమె వెళ్లి దానిమీద కూర్చుంది.

డ్రమ్ము ఆగిపోయింది. ఎవరూ కదల్లేదు. పేరును చేతులతో ఎలా చూపించాలో గురువుగారు నేర్పలేదు.

"ఇంత గొప్ప నాట్యం ఈమధ్య చూడలేదు," అందామె. "ఈయనకు నెలకెంతిస్తున్నారు?"

"నెలకా? పాటకింత అని..." అన్నాడు మేనేజరు.

"పాట లేని రోజు ఆయన తిండి మానేస్తాడా? పక్కవాళ్లు ఎత్తుకుపోయేదాకా చూస్తారేంటి? నెల జీతం ఇవ్వండి. ఏడాదికి కాగితం రాయండి. ఆ పిల్లల పొట్టలు కూడా చూశాను, సాధన రోజులకు వాళ్లకూ ఇవ్వండి."

హాలు కప్పు ఎగిరిపోయేలా కేకలు లేచాయి. పన్నెండుమందీ మాస్టారిని భుజాల మీదికెత్తారు.

"మీరు జేబులు లాగగానే మాకర్థమైంది మాస్టారూ," అంది నిచ్చెన ఆయన చెవిలో. "మావీ ఖాళీవేగా!"

ఆ సాయంత్రం అత్తగారు వీధిగుమ్మంలో నిలబడి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "మా అల్లుడిది నెల జీతం ఉద్యోగం" అని చెప్పింది.

అయిదో రోజుకి గొంతు తిరిగొచ్చింది. మాస్టారు నేరుగా మేనేజరు గదికి వెళ్లాడు. మేనేజరు రెండు చేతులూ ఎత్తేశాడు. "దండం పెడతా, నోరు మాత్రం విప్పకండి! మాట్లాడకుండానే ఇంత లాగారు." గదిలో అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వాడు. ప్రదర్శన పుస్తకం అచ్చుకు వెళ్లి అప్పటికే ఒకరోజయింది.

వెళ్తూ వెళ్తూ హాల్లో ఆగి, స్టూలు మీది దుమ్ము తుడిచాడు. మూడు వాక్యాలు తీరాయి. నాలుగోది ఇంకా అడగాలి.