దేవుడు చూస్తుంది

విభూతి బుధవారం ఉదయం ఆరున్నర పూజ నుంచి జోజిపేట విచారణ గుడిలో దేవుడు చేసే పనులన్నీ ‘డు’ మానేసి ‘ది’తో ముగియసాగాయి. ‘దేవుడు చూస్తాడు’ అనబోయిన ఫాదర్ గారి నోట ‘దేవుడు చూస్తుంది’ అని వచ్చింది. ఆయన దగ్గి, నీళ్లు తాగి, మళ్లీ అన్నారు. దేవుడు మళ్లీ చూసింది. పూజ పుస్తకాలు తెరిస్తే అచ్చు కూడా మారిపోయి ఉంది. వెనక వరసలోంచి ముసలి అంతోనమ్మ, “చూడనీయండి సామీ, ఎవరో ఒకళ్లు చూడాలిగా,” అంది. మిగతావాళ్లు మోకాళ్ల మీదికి దిగారు.

క్రైస్తవుల లెక్కలో విచారణ అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే ఊళ్లు. మామూలు అర్థంలో విచారణ ఆ మరుసటి వారం మొదలైంది. బిషప్ గారి ఆఫీసు నుంచి ఛాన్సలర్ ఫాదర్ ఇన్నారెడ్డి, గుడి చట్టం చదివిన మరో ఫాదరు, రిటైరైన తెలుగు పండితుడు శౌరయ్య మాస్టారు వచ్చారు. వ్యాకరణం తెలిసిన ఆడమనిషి కోసం వెతికామనీ, దొరకలేదనీ ఫైలు మొదటి పేజీలో రాసుకున్నారు. అనుమానితురాలు సిస్టర్ స్కొలాస్టికా తెలుగు ఎమ్మే అన్న సంగతి రెండో పేజీలో ఉంది.

ఆమె పంతొమ్మిదేళ్లుగా అక్కడి పిల్లలకు ఆదివారం సత్యోపదేశం చెబుతోంది. దేవుడు నాన్నలా ఉన్నప్పుడు అమ్మలా కూడా ఉండొచ్చని ఒకసారి అన్నదట. రెండో తరగతి పిల్ల నోటుపుస్తకంలో జడ వేసుకున్న దేవుడి బొమ్మ దొరికింది. దాన్ని కవర్లో పెట్టి సీలు వేశారు.

“‘దేవుడు క్షమిస్తాడు’ అనమ్మా,” అన్నారు ఇన్నారెడ్డి.

“దేవుడు క్షమిస్తుంది.”

“కావాలనే అంటున్నావా?”

“మీరొకసారి అనండి ఫాదర్.”

“దేవుడు క్షమిస్తుంది,” అన్నారు ఛాన్సలర్ గారు.

మినిట్సులో ఆయన మాటను గొంతునొప్పి అనీ, ఆమె మాటను సిద్ధాంతం అనీ రాశారు.

“నన్నేమైనా రాసుకోండి. పిల్లల్ని మాత్రం నా దగ్గర్నుంచి తీసేయకండి,” అంది సిస్టర్. ఆమె గొంతు వణికింది. వణుకును కూడా నమోదు చేశారు.

శౌరయ్య మాస్టారు తన అభిప్రాయం చెప్పారు. “తెలుగులో ఆడమనిషికీ, గొడ్డుకీ, గోడకీ క్రియ ఒకటేనండీ. అమ్మ వచ్చింది, గేదె వచ్చింది, వాన వచ్చింది. కాబట్టి ఇది దేవుణ్ణి ఆడమనిషిని చేయడంతో ఆగదు. సామానులో కలిపేసినట్టే.”

“ఎంత అవమానం!” అన్నారు ఇన్నారెడ్డి.

“దేవుడికైతే అవమానమేనండీ. ఆడవాళ్లకి అలవాటే.”

మందు కూడా ఆయనే చెప్పారు. ఇకమీదట దేవుణ్ణి మన్నించి మాట్లాడాలి. దేవుడు చూస్తారు, దేవుడు క్షమిస్తారు. ‘రు’లో ఆడా మగా తెలియదు. అందరూ పలికి చూశారు, ఎవరి నాలుకా తిరగబడలేదు. సర్క్యులర్ మీద సంతకాలయ్యాయి.

“మరి ఆ ‘రు’ నాకూ రాయొచ్చుగా ఫాదర్?” అని సిస్టర్ అడిగింది. “ఫైలంతా ‘సిస్టర్ వచ్చింది, సిస్టర్ కూర్చుంది’ అనే ఉంది.”

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ దొరకని ఆధారం దొరికింది.

కొమ్మల ఆదివారానికి ముందు రోజు ఆమె ట్రంకు పెట్టెతో బస్సెక్కింది. పిల్లలు కిటికీ పట్టుకుని వదల్లేదు. “అమ్మగారు వెళ్లిపోతున్నారు,” అని అంతోనమ్మ ఏడ్చింది. ఆమెకు వ్యాకరణం రాదు.

ఆ సాయంత్రం విచారణ రిజిస్టరులో మూడు వాక్యాలు చేరాయి. పాత హార్మోనియం మరమ్మతుకు వెళ్లింది. సిస్టర్ స్కొలాస్టికా బదిలీ మీద వెళ్లింది. దేవుడు ఇక్కడే ఉన్నారు. శౌరయ్య మాస్టారు కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి, తప్పులేమీ లేవని సంతకం పెట్టారు.