తిరిగొచ్చిన గిన్నెలు

సోమవారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెడుతూ, తన ఇంట్లో ఇకమీదట మెతుకు కూడా వృథా కాకూడదని బాలకృష్ణ తీర్మానించాడు. ఆ సమయానికి పెరట్లో భార్య రత్తాలు రాత్రి మిగిలిన బీరకాయ కూరనూ అన్నాన్నీ చెత్తబండి కోసం బకెట్లో వంపుతోంది. బాలకృష్ణ రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. అతని చేతిమీదుగా ఐసులో పెట్టి పంపిన చేప తెనాలి చేరినా, బాపట్ల చేరినా కళ్లు తేటగా ఉంటాయని పేరు. ఊరందరి చేపల్నీ కాపాడేవాడి ఇంట్లో బీరకాయ కూర పాడవడమంటే పరువు తక్కువ కాదూ?

నిజానికి రత్తాలు తప్పేమీ లేదు. ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు తింటారో దేవుడికే తెలియాలి. కూతురు నవ్య తెనాలిలో కాలేజీ అయ్యాక రైలు ఆలస్యమైతే అక్కడే ఏదో తినేసి వస్తుంది. తమ్ముడు శివనాగరాజు చేపల వ్యాను తోలుకుని బాపట్ల వెళ్తే, భోజనానికి వస్తున్నానని ఫోన్ చేసి మరీ రాడు. తల్లి నాగమ్మ ఆకలి లేదన్న రోజు రెండుసార్లు తింటుంది, ఆకలన్న రోజు ముట్టదు. వీళ్లలో ఎవరికీ తక్కువ కాకూడదని రత్తాలు రోజూ ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోస్తుంది.

ఇవన్నీ బాలకృష్ణకు కుంటిసాకులుగా కనిపించాయి. బియ్యం కొలిచే ఇత్తడి గ్లాసును డబ్బాలోంచి తీసి పట్టుకుని పందెం కాశాడు. ఆదివారం దాకా ఆ బకెట్లో మెతుకు పడకుండా చూస్తే గ్లాసు ఇక తనది, ఇంట్లో ఎంత వండాలో తనే చెప్తాడు. పడితే మాత్రం వంటింటి గుమ్మం దగ్గర జన్మలో నోరెత్తడు.

రత్తాలు బకెట్ కడగడం ఆపలేదు. "సరే మావా. గ్లాసు ఎవరి చేతిలో ఉంటే వంటా వాళ్లదే. తర్వాత మాట మార్చకూడదు."

మాట మార్చే వంశం కాదు తమదని బాలకృష్ణ గర్వంగా చెప్పాడు.

ఆ రోజు అతను లెక్కగా బియ్యం పోయించినా కూరలు మిగిలిపోయాయి, ఎందుకంటే శివనాగరాజు యథాప్రకారం బాపట్లలో తినేశాడు. దీనికి బాలకృష్ణ దగ్గర మందు సిద్ధంగా ఉంది. దోసకాయ పప్పు ఒక గిన్నెలో పోసి పక్కింటి జానీ బీకి ఇచ్చాడు. వేపుడు ఇంకో గిన్నెలో పెట్టి ఎదురింటి దానమ్మకు ఇచ్చాడు. ఇంత తేలిక పని ఆడవాళ్లకు ఇన్నేళ్లు తట్టలేదే అని జాలిపడ్డాడు కూడా.

ఆ వీధిలో ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగి పంపరు. ఉత్త గిన్నె పంపడం అశుభమని కొందరంటారు, అమర్యాదని అందరూ అంటారు. పొద్దున ఫ్యాక్టరీకి వెళ్లి చీకటి పడ్డాక ఇల్లు చేరే బాలకృష్ణకు ఈ గిన్నెల రాకపోకలు తెలియవు. రత్తాలుకు తెలుసు గానీ, పందెం కాసిన మనిషికి సలహా ఇవ్వడం మర్యాద కాదని ఊరుకుంది.

మర్నాటికి జానీ బీ గిన్నె నిండా దాల్చా వచ్చింది. దానమ్మ గిన్నెలో గోంగూర వచ్చింది. తినగా మిగిలిన దాల్చా మూలింటి మంగాయమ్మకు పంపితే, గిన్నె సరిపోక పళ్లెం కూడా జోడించి గారెలు పంపించిందావిడ. గారెలు క్యారేజీలో సర్ది ఫ్యాక్టరీకి తీసుకెళ్తే, అక్కడ తనతో పనిచేసే గంగరాజు లొట్టలేసుకుంటూ తిన్నాడు. తెల్లారేసరికి ఆ క్యారేజీ నిండా, అది చాలక తమ క్యారేజీ నిండా కూడా పీతల ఇగురు పట్టుకొచ్చాడు. ఉత్త క్యారేజీ ఇవ్వడానికి వాళ్ల ఇంటావిడ ఒప్పుకోలేదట.

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. బాలకృష్ణ ఫ్రిజ్‌ను చేపల పెట్టెలాగే వరసలు వరసలుగా సర్దాడు. వారంలో మూడొంతులు గడిచేసరికి తలుపు పడటం మానేసింది. పాత వలతాడు తెచ్చి కట్టాడు. మంచినీళ్ల సీసా కోసం ముడి విప్పలేక నాగమ్మ విసుక్కుంది. "ఒరే బాలా, ఇది ఫ్రిజ్జా, కట్టేసిన గేదా?" అనడిగింది. అప్పటికి అతని నోట్లో గారె ఉంది. పొద్దున్నా మధ్యాహ్నం సాయంత్రం అన్న తేడా లేకుండా తింటూ, బెల్టుకు కొత్త చిల్లు కూడా పొడుచుకున్నాడు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడం ఎందుకని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు.

శనివారం రత్తాలు కర్లపాలెంలో చెల్లెలి ఇంటికి వెళ్లింది. ఆమె అలా వెళ్లగానే బాలకృష్ణకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. గిన్నె వెళ్లబట్టే కదా గిన్నె వస్తోంది! కర్రీ పాయింటు నుంచి వాడి పారేసే ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చాడు. ఫ్రిజ్‌లో ఉన్న వాటిలో సగం ఆ డబ్బాల్లోకి ఎక్కించి, ఇంటింటికీ తనే వెళ్లి ఇచ్చాడు. ఒక్కొక్కరికీ ఒకటికి రెండుసార్లు, డబ్బా తిరిగి ఇవ్వక్కర్లేదు, అసలు ఏమీ తిరిగి ఇవ్వక్కర్లేదు అని గట్టిగా చెప్పాడు. ఇంటికొచ్చి చూస్తే ఫ్రిజ్ తలుపు పడింది. వలతాడు విప్పి మడతపెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. జానీ బీ, ఆమె భర్త ఇమాముద్దీన్ గుమ్మం బయట నిలబడ్డారు. అతని చేతుల్లో గుడ్డ కట్టిన పలావు గుండిగ ఉంది. లోపలికి రమ్మంటే ఇద్దరూ కదల్లేదు.

"అన్నయ్యా, ఇన్నేళ్లలో మీ గిన్నె మా ఇంట్లో, మా గిన్నె మీ ఇంట్లో లేని రోజు లేదు," అంది జానీ బీ. "నిన్న పారేసే డబ్బాలో పెట్టి ఇచ్చావు. మీ గిన్నె మా ఇంటికి రాకూడదా? మా వల్ల తప్పేం జరిగిందో చెప్పు, దిద్దుకుంటాం."

 చేపలకు ఐసు వేసినంత తేలిగ్గా బాలకృష్ణ చేసిన పని, జానీ బీ కళ్లల్లో నీళ్లు తెప్పించింది. అతను గుండిగ అందుకునేలోపే దానమ్మ పులిహోర తపేలాతో వచ్చింది. తన గోంగూరలో ఉప్పెక్కువై ఉంటుందని రాత్రంతా బాధపడిందట. ఆవిడ వెనకే మంగాయమ్మ బూరెల పళ్లెం పట్టుకుని వస్తోంది. గంగరాజుకు డబ్బా అందలేదు కాబట్టి ఆ మేరకు బాలకృష్ణ బతికిపోయాడు.

అప్పుడే ఆటో దిగిన రత్తాలు, ఆ గుంపునూ గుండిగనూ గుమ్మం పక్కన మిగిలిన డబ్బాల కట్టనూ చూసింది. ఆమెకు అంతా అర్థమైంది. "నిజం చెప్పెయ్ మావా," అంది మెల్లగా.

చెప్పేశాడు. పందెం గురించీ, బకెట్ గురించీ, వలతాడు గురించీ, చివరికి బెల్టు చిల్లు గురించీ కూడా చెప్పాడు. జానీ బీ చేతులు పట్టుకుని, తప్పు నాదేనమ్మా అన్నాడు.  ముందుగా ఇమాముద్దీన్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అయితే తమ్ముడూ, నీకు మా మీద కోపం కాదు, మా కూరలంటే భయం," అంది దానమ్మ.

నాగమ్మ వరండాలో చాపలు పరిపించింది. తెచ్చినవాళ్లెవరూ తినకుండా కదలడానికి వీల్లేదని శాసించింది. పలావు వాసనకు నవ్య పుస్తకం మూసి వచ్చింది. బాపట్ల లోడు లేని రోజు కావడంతో శివనాగరాజు ఆ ఏడాదిలో మొదటిసారి వేళకు భోజనానికి దొరికాడు. ఫ్రిజ్‌లో మిగిలినవన్నీ కూడా బయటికొచ్చాయి. ఆఖరి బూరెను ఆకలి లేదన్న నాగమ్మ తినేసింది. సాయంత్రానికి గిన్నెల అడుగులు మెరుస్తున్నాయి, బకెట్ ఎండిపోయి ఉంది.

బాలకృష్ణ బకెట్ బోర్లించి చూపించాడు. ఎంత వెతికినా మెతుకు లేదు. "గెలిచావు మావా, గ్లాసు నీదే," అని రత్తాలు ఏ పేచీ లేకుండా ఒప్పుకుంది. అంత సులువుగా ఎందుకు ఒప్పుకుందో ఆలోచించే స్థితిలో అతను లేడు.

సోమవారం పొద్దున ఇత్తడి గ్లాసు చేత్తో పట్టుకుని దర్జాగా వంటింట్లోకి వెళ్లాడు. గట్టు మీద జానీ బీ గుండిగ, దానమ్మ తపేలా, మంగాయమ్మ పళ్లెం, వాటి పక్కన గంగరాజు వాళ్ల క్యారేజీ, తోమి తుడిచి వరసగా బోర్లించి ఉన్నాయి. రత్తాలు వరండాలో కూర్చుని తీరిగ్గా కాఫీ తాగుతోంది.

"రత్తాలూ, ఇవి ఉత్తవి పంపకూడదు కదా?"

"కూడదు మావా. ఆ గుండిగ నిండాలంటే ఎన్ని గ్లాసులు పడతాయో నువ్వే కొలుచుకో."

బాలకృష్ణ ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు.