రెండెకరాల చెరువు

మా ఊరికి ఇక ముంపు బాధ ఉండదని మున్సిపల్ చైర్మన్ మధుసూదనరావు గారు మైకులో ప్రకటించారు. గుడివాడకూ బందరుకూ మధ్య పల్లపు ఊరు మాది. గట్టి వాన పడితే మా కాలనీలో నీళ్లు మంచాల ఎత్తుకు వస్తాయి. అందుకని చైర్మన్ గారు పక్కనే రెండెకరాల్లో చెరువు తవ్వించారు. వీధుల్లోని వాన నీళ్లు అందులోకి దిగి, తర్వాత మెల్లగా డ్రెయిన్లోకి పోవాలని ప్లాను.

గురువారం మంత్రిగారితో ఓపెనింగ్. సోమవారం చైర్మన్ గారు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను.

“ఏంటమ్మా ఇది, నీళ్లేవి?” అని ఇంజనీరు యశస్వినిని అడిగారు.

“ఖాళీగానే ఉండాలండీ. వానొస్తే నీళ్లు పట్టడానికి.”

“మంత్రిగారొచ్చి గొయ్యికి రిబ్బన్ కట్ చేస్తారా? ఫొటోలో ఏం కనపడాలి?”

దూరదృష్టి అంటే అదీ! సాయంత్రానికల్లా మోటార్లు పెట్టి కాలువ నీళ్లు నిండా తోడించారు. దివిసీమ నుంచి పడవ తెప్పించి, ముందు హంస తల బిగించారు.

“తుఫాను హెచ్చరిక వచ్చింది సార్. సగమన్నా తోడేద్దామండీ,” అని మంగళవారం యశస్విని బతిమాలింది.

“మంత్రిగారి ప్రోగ్రాం ఫిక్సయింది. తుఫాను ఇంకా ఫిక్సవలేదు కదమ్మా!”

బుధవారం తుఫాను ఫిక్సయింది.

వీధుల నీళ్లు చెరువు దాకా వెళ్లి, చోటు లేక, తిరిగి మా కాలనీకే వచ్చాయి. చైర్మన్ గారు తక్షణం స్పందించారు. మురుగు కలిసి చెరువు పాడవకుండా దాని చుట్టూ ఇసుక బస్తాలు వేయించారు. మా ఎదురింటి నాగేశ్వరమ్మ గారు బట్టలు కుట్టి బతికే మనిషి. ఆవిడా నేనూ కలిసి కుట్టుమిషను మేడమెట్ల మీదకు ఎక్కించాం. పెళ్లివారి జాకెట్లు మాత్రం బురదపాలయ్యాయి.

“ఎల్లుండే పెళ్లి. వాళ్లకేం చెప్పనండీ?” అంటూ ఆవిడ మెట్ల మీదే కూలబడ్డారు.

గురువారం పొద్దుటికి ఇసుక బస్తాలూ మునిగాయి. చెరువేదో కాలనీ ఏదో తెలియలేదు. సిబ్బంది అంచనా వేసుకుని మా వీధి మొదట్లో రిబ్బన్ కట్టారు. మంత్రిగారు కత్తిరించి, కనుచూపు మేర నీళ్లు చూసి పులకించిపోయారు.

“రెండెకరాలన్నావ్, నలభై ఉందేమయ్యా! శభాష్!”

“అంతా మీ ప్రోత్సాహం సార్.”

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. అప్పుడు మంత్రిగారి చూపు మెట్ల మీద కూర్చున్న నాగేశ్వరమ్మ గారి మీద పడింది.

“ఎవరావిడ? చెరువు మధ్యలో ఇల్లు కట్టుకుందే?”

చైర్మన్ గారు క్షణం కూడా తడుముకోలేదు.

“ఆక్రమణ సార్.”

శుక్రవారం మున్సిపల్ సిబ్బంది నడుంలోతు నీళ్లలో నడిచొచ్చి, కాలనీలోని అరవై ఇళ్లకూ నోటీసులు అందించారు. నాగేశ్వరమ్మ గారు కళ్లజోడు తుడుచుకుని, నాకు వినపడేలా పైకే చదివారు.

“ఏడు రోజుల్లోగా చెరువు ఖాళీ చేయవలెను.”