మార్లిస్ కార్డు చేరవేసిన వైనం

హేమంతము ముగిసినను హిమము ముగియని ఉత్తర మినెసోటా దేశమున, రోడ్లపై మంచు కరిగించు ఉప్పుగుట్టలే కులపర్వతములుగా, మంచు తోసే లారీలే మదగజములుగా విరాజిల్లు కౌంటీ గ్యారేజీలో, ఒకానొక మంగళవారం ఉదయం ఏడున్నరకు సూపర్‌వైజరు మార్లిస్ హాగెన్ సలిపిన మహాసమరము వినుడు!

ఆమె ఆయుధము అరచేతిలో ఇమిడే కార్డు. దానిపై ఉద్యోగుల సహాయ కేంద్రం ఫోను నంబరు. మనసు చితికినా, ఇల్లు చెదిరినా, తాగుడు పట్టినా ఉచితంగా, గుట్టుగా ఆదుకొను చోటు అది. ఎదుట కూర్చున్నవాడు ఇరవయ్యేళ్లుగా సహచరుడు, శతహిమఝంఝాభంజనుడు, డ్రైవరు డారెల్ సోర్వాలా. నెలలో ఆరుసార్లు ఆలస్యము. ఏడవది పడెనా, కొలువు ఊడును! కారణము అడగరాదు, రోగము ఊహించరాదు, పని గురించే పలుకవలెనని శిక్షణలో ఆమెకు బోధించిన ధర్మశాస్త్రము. అడగక నాలుక బిగబట్టుట, అహో, ఎంత ఘోరతపము!

"డారెల్, మూడో తారీకు నలభై నిమిషాలు లేటు. తొమ్మిదిన గంట. పద్నాలుగున కనీసం ఫోను కూడా లేదు" అని శరపరంపర కురిపించెను.

"రోడ్డు బాగోలేదు."

"రోడ్డు బాగుచేసేది నువ్వే కదయ్యా!"

వీరుడు తలవంచెను. కార్డు బల్లపై బయలుదేరెను.

"ఓసారి వీళ్లతో మాట్లాడి చూడు."

"అబ్బే, నాకెందుకు? ఇంకెవరికైనా ఇవ్వు."

బలవంతము కూడదని శాస్త్రము. గతవారము అతడు ఇట్లే వద్దనగా, ఇచ్చటనే ఆమె అస్త్రసన్యాసము చేసెను. కాని ఆ దేశమున కాఫీయైనను, చివరి కేకుముక్కయైనను మూడోసారి అడిగినగాని పుచ్చుకొనువాడు లేడు. మొదటి రెండు 'వద్దు'లును మర్యాదకే! ఇరవయ్యేళ్లు అతనికి కాఫీ పోసిన ఆమెకు ఈ సంగతి ఇప్పుడు మెరుపువలె తట్టెను.

"పోనీ, దగ్గరుంచుకో."

"వద్దులే, నీకు శ్రమ."

"శ్రమేముంది? డ్రాయరు నిండా ఉన్నాయి. తీసుకో డారెల్, నువ్వు లేకపోతే ఆ కొండరోడ్డు మీద మంచు ఎవడు తోస్తాడు?"

బ్రహ్మాస్త్రము తగిలెను.

"నేను మాట్లాడింది నీకు చెప్పేస్తారా?"

"అడిగినా చెప్పరు. కనుక్కున్నాను."

"సరే, నీ మాట కాదనలేక."

మోటువేళ్లు కదిలెను! కార్డు జేబు చేరెను! జేబుకు గుండీ సైతము పడెను!

పిమ్మట డారెల్ బయటికేగి, తన లారీ ఎక్కి, తలుపు వేసుకొని, ఫోను చెవికి ఆనించెను. అది చూచుట తన పని కాదు గనుక మార్లిస్ కిటికీకి వీపు త్రిప్పెను. మూరెడు బల్లను జయించి, చూడవలెనను కోరికను సైతము జయించి నిలిచిన ఆ ధీరవనితకు జయము, జయము!