గట్టు చూసినవాడి కాళ్ళు

ఒక పెద్ద అడవిలో ఒక మడుగు, ఆ మడుగుకు ఒక ఎర్రమట్టి గట్టు, ఆ గట్టంత పాతదైన ఒక ఆచారం ఉండేవి.

గట్టుకు ఎండ్రకాయలు బొక్కలు పెడతాయి. చిన్నగా ఉన్నప్పుడే చూసి పూడ్చకపోతే గట్టు తెగుతుంది, దిగువ అడవి మునుగుతుంది. అందుకని వానాకాలమంతా గట్టు పరిశీలకులు రోజూ దాని వెంట నడిచి, అక్కణ్ణుంచి తిన్నగా సభకు వచ్చి, సింహరాజు ముందు కాళ్ళు చాపేవారు. కాళ్ళకు ఎర్రమట్టి ఉంటే గట్టు చూసినట్టు, లేకపోతే చూడనట్టు. నోటితో చెప్పేది ఎవరూ వినేవారు కాదు.

ఆ ఏడు పరిశీలకుల పెద్ద పానకాలు అనే నక్క. తెలివైనవాడు, బద్ధకస్తుడు. ఈ రెండూ ఒకచోట చేరితే దాన్ని పాలనాదక్షత అంటారు. గట్టు కింద చల్లగా ఉంటుందని అక్కడే బొరియ తవ్వించుకుని, పెళ్ళాం మాణిక్యంతో, పిల్లలతో కాపురం ఉంటున్నాడు.

వానలో గట్టెక్కడం, బురద కాళ్ళు నలుగురిలో చాపుకుని కూర్చోవడం అతనికి మహా నామోషీగా ఉండేది. "చదువుకున్నవాడు చేసే పనేనా ఇది?" అని గొణుక్కునేవాడు. ఏం చదువుకున్నాడో అడిగినవాళ్ళు లేరు.

ఇలా ఉండగా టౌన్నుంచి ఒక గోరింక వచ్చింది. ఇంగ్లీషు మీడియం స్కూలు వెంటిలేటర్లో గూడు కట్టుకుని బతికిందట. సున్నాలు వేసేవాళ్ళు గూడు పీకేస్తే అడవికి వచ్చేసింది.

"టౌన్లో పెద్దవాళ్ళు కూడా ఇలా వానలో తడుస్తూ చూసొస్తారా, టీచరమ్మా?" అని అడిగాడు పానకాలు.

"ఎందుకు చూస్తారు? చూస్తున్నామంటారు."

"ఏమని?"

"'కీపింగ్ యాన్ ఐ' అంటారు. అంటే ఒక కన్ను దానిమీదే పెట్టి ఉంచామని."

"నిజంగా పెడతారా?"

"పిచ్చివాడా! రెండు కళ్ళూ మొహానే ఉంటాయి. నిద్రపోతే మూసుకుంటాయి కూడా."

పానకాలుకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాటి నుంచి తన కింద పనిచేసే ఎలుగుబంటిని, కోతిని కూర్చోబెట్టి గోరింక చేత పాఠాలు చెప్పించాడు. పైనుంచి కిందిదాకా ఒక్క చూపు చూస్తే 'వన్స్ ఓవర్'. ఇంకాస్త శ్రద్ధగా చూస్తే 'అండర్ ది మైక్రోస్కోప్'. ఎత్తునుంచి మొత్తం చూస్తే 'బర్డ్స్ ఐ వ్యూ'. ఏదీ తప్పిపోకుండా చూస్తే 'ఈగిల్ ఐ', అంటే గద్ద కన్ను.

"అన్నిటికంటే గట్టిది 'ఫైన్ టూత్ కోంబ్'. పేలదువ్వెనతో దువ్వినట్టు వెంట్రుక వెంట్రుకా విడదీసి చూడటం" అంది గోరింక.

"పేలు చూడటం మా కులవిద్యే!" అని కోతి ఎగిరి గంతేసింది.

"దువ్వెన ఎక్కడ దొరుకుతుందండీ?" అని ఎలుగుబంటి దిగులుగా తన ఒంటిని చూసుకుంది.

"దువ్వెన అక్కర్లేదోయ్, మాట చాలు" అన్నాడు పానకాలు.

ఈ సంగతి తెలిసి గద్ద వచ్చింది. "ఈగిల్ ఐ అని నా కన్ను కూడా వాడుతున్నారట! కావాలంటే నేనే పైకెగిరి గట్టు చూసి చెబుతాను. కాదంటే నా కన్ను వాడుకున్నందుకు వారం వారం ఓ కోడిపిల్లనివ్వండి" అంది. పానకాలు ఆలోచించి కోడిపిల్లకే ఒప్పుకున్నాడు. గద్ద కూడా ఎగరడం మానేసింది.

పాఠాలు ముగిసిన రోజు సభలో పానకాలు ఒళ్ళు దులుపుకుని, శుభ్రమైన కాళ్ళతో నిలబడి, "మహారాజా! గట్టుకు వన్స్ ఓవర్ ఇచ్చాం. ఫైన్ టూత్ కోంబ్‌తో వెళ్ళాం. ఇప్పుడు కీపింగ్ యాన్ ఐ" అన్నాడు.

రాజుగారికి ఇంగ్లీషు రాదు. రాదని నలుగురికీ తెలియడం అసలే ఇష్టం లేదు. అందుకని జూలు సర్దుకుని, "వెరీ గుడ్" అన్నాడు. సభంతా చప్పట్లు కొట్టింది. అర్థం కానిదానికి మోగినంత గట్టిగా చప్పట్లు ఇంక దేనికీ మోగవు.

అదే ఊపులో పానకాలు, "ఇంకా ఈ కాళ్ళు చాపే మోటు ఆచారమేమిటి ప్రభూ? పక్క అడవివాళ్ళు నవ్వుతున్నారు" అన్నాడు. వెంటనే చట్టం వచ్చింది. మట్టికాళ్ళతో ఎవరూ సభలో అడుగుపెట్టకూడదు. గుమ్మం దగ్గర నీళ్ళ తొట్టి పెట్టి, ఒక అడవిపందిని కాపలా ఉంచారు. జన్మలో ఒళ్ళు కడుక్కోని పంది శుభ్రతకు అధికారి అయింది.

వానలు ముదిరాయి. గట్టు మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. దానిలో దారి కూడా కనిపించడం లేదు. సభలో మాత్రం గట్టును చూడని రోజు లేదు.

ఒకనాడు పొద్దున్నే మాణిక్యం మొగుణ్ణి లేపింది.

"ఏవండీ, వెనక గోడ చెమ్మగా ఉంది. ఒక్కసారి గట్టెక్కి చూసిరండి."

"దానిమీద ఒక కన్ను వేసే ఉంచాంలేవే. అండర్ ది మైక్రోస్కోప్" అని అటు తిరిగి పడుకున్నాడు.

"ఆ కన్నెవరిదో గానీ, దానికి చత్వారం వచ్చినట్టుంది. చంటివాడి నెత్తిన నీళ్ళు కారుతున్నాయి, లేవండి!"

పానకాలు విసుగ్గా లేచాడు. గోడ మీద చెయ్యి వేస్తే చెయ్యి లోపలికి దిగబడింది. అప్పుడు పరిగెత్తాడు. జీవితంలో మొదటిసారి గట్టును నిజంగా చూశాడు. గడ్డి పీకి చూస్తే ఎండ్రకాయ బొక్క కాదు, తన తల పట్టేంత గొయ్యి! దాన్లోంచి ఎర్రనీళ్ళు బుసబుసా పొంగుతున్నాయి. రాళ్ళు కుక్కాడు, మట్టి కుక్కాడు, చివరికి వీపు ఆనించాడు. ఒక్కడివల్ల అయ్యే పని కాదది. ఏనుగులు రావాలి. ఏనుగులు రావాలంటే రాజాజ్ఞ కావాలి.

"పిల్లల్ని కొండమీదికి తీసుకుపోవే!" అని అరుస్తూ సభకు ఉరికాడు.

గుమ్మంలో పంది అడ్డం నిలబడింది. "కాళ్ళు!"

"గట్టు తెగుతోందిరా!"

"తెగితే తెగింది. చట్టం తమరు పెట్టించిందే కదండీ" అంటూ తొట్టి చూపించింది.

ఒంటినిండా ఉన్న ఎర్రమట్టిని ఏడుస్తూ కడుక్కున్నాడు. లోపలికి వెళ్ళి, "మహారాజా, గట్టుకు గొయ్యి పడింది! ఏనుగుల్ని పంపండి!" అని కేక పెట్టాడు.

సభ మొహం చిట్లించింది. "ఇదేం భాష?" అన్నాడు రాజు. "నిన్ననే కదా ఆ కోంబేదో పెట్టి చూశామన్నావు?"

"చూడలేదు ప్రభూ! ఇవాళే చూశాను! నా కాళ్ళు..." అని చాపబోయి కిందికి చూసుకున్నాడు. కాళ్ళు తళతళ మెరుస్తున్నాయి.

కోతి లేచి వినయంగా దండం పెట్టింది. "పెద్దాయనకు అలసటగా ఉన్నట్టుంది ప్రభూ. గట్టు మాత్రం భేషుగ్గా ఉంది. ఇప్పుడే బర్డ్స్ ఐ వ్యూ తీసుకొచ్చాను." పానకాలు పెద్దరికం మీద కోతికి ఎప్పటినుంచో ఆశ.

"వెరీ గుడ్" అన్నాడు రాజు.

ఆ మాట పూర్తికాకముందే గట్టు తెగింది.

ఎర్రనీళ్ళు సభ మీదుగా పారాయి. ఎవరికి దొరికిన దారిన వారు బురదలో పడి, దేకి, పాకి, కొండ ఎక్కారు. పానకాలు ఒక దుంగ పట్టుకుని మూడు వాగులు దాటి కొట్టుకుపోయి, పొద్దుగుంకే వేళకు వానలో తడుస్తూ, బండరాళ్ళ మీంచి కొండ చేరాడు. పైన మాణిక్యం, పిల్లలు క్షేమంగా ఉన్నారు. ఆమెకు ఇంగ్లీషు రాకపోవడం పిల్లల అదృష్టం.

సభ కొండమీదే కూడింది. రాజుగారి జూలునుంచి ఇంకా బురద కారుతోంది.

"కొత్త పద్ధతులతో కొంప మునిగింది. పాత ఆచారం మళ్ళీ పెడుతున్నాం. గట్టు చూసినవాళ్ళెవరో, చూడనివాళ్ళెవరో ఇప్పుడే తేలిపోవాలి. అందరూ కాళ్ళు చాపండి!" అని గర్జించాడు.

అందరూ చాపారు. కోతికి తొడలదాకా, ఎలుగుబంటికి మెడదాకా, పందికి ఎప్పటిలాగే నఖశిఖపర్యంతం ఎర్రమట్టి. ఎగరడం మరిచిపోయిన గద్దకు ముక్కునిండా ఎర్రమట్టి.

వాగులూ వానా కలిసి తోమినందుకు ఒక్క పానకాలు కాళ్ళే కడిగిన ముత్యంలా ఉన్నాయి.

"అయితే గట్టు మొహం చూడనివాడివి నువ్వొక్కడివేనన్నమాట" అన్నాడు రాజు.

పానకాలును అడవి నుంచి వెళ్ళగొట్టారు. మిగిలినవాళ్ళకు పూలదండలు వేశారు. కోతి కొత్త పరిశీలకుల పెద్ద అయింది. పిల్లల్ని వెంటబెట్టుకుని కొండ దిగుతూ మాణిక్యం మొగుడి కాళ్ళవంక ఒకసారి చూసి, చంటివాణ్ణి చంకకెత్తుకుంది.

నీతి: గట్టు చూసినా చూడకపోయినా సరే, కాళ్ళు మాత్రం కడుక్కోకండి.